నేను తీసిన రక్తం

ఫిబ్రవరి 5, మంగళవారం, ఉదయం 9

విల్‌ఫ్రెడో తోలెదో ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఇరాక్‌లో ఆర్మీ లారీ నడిపిన మనిషి. ముందు వెళ్తున్న లారీ రోడ్డు పక్క చెత్తలో దాచిన బాంబుకు పేలిపోయి, అందులోని ముగ్గురూ అతని కళ్లెదుటే కాలిపోయారు. పదిహేనేళ్లయింది. ఇప్పటికీ మా దీవిలో, ఈ మయాగ్వెజ్ ఊరి వీధుల్లో చెత్తకుండీ కనిపిస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాడు.

కాగితం పింఛను బోర్డు నుంచి, అతని దరఖాస్తు కొట్టేస్తూ. పీటీఎస్‌డీ అనే ఈ మనసు జబ్బు వచ్చే గుణం దరఖాస్తుదారుడి జన్యువుల్లోనే ఎక్కువగా ఉందట. కాబట్టి జబ్బుకు యుద్ధమే కారణమని చెప్పలేరట.

"చూశావా నర్సమ్మా, బాంబు మా అమ్మ కడుపులోనే పేలిందట!" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ రక్తం తీసింది నేనే.

అదే రోజు, సాయంత్రం 4

ఒకే యుద్ధం చూసినవాళ్లలో కొందరికే ఈ జబ్బు ఎందుకు వస్తుందో జన్యువుల్లో వెతకడం మా పని. రెండేళ్లపాటు మాజీ సైనికుల ఇళ్లకు తిరిగాను. వాళ్లు పెట్టిన కాఫీ తాగాను, అరటాకులో చుట్టి ఉడికించిన పాస్తెలెస్ తిన్నాను. "ఇది పరిశోధనకే, బయటివాళ్లెవరూ చూడరు" అన్నాను. రెండు వందల మందికి పైగా ఒప్పుకోలు ఫారం మీద సంతకం పెట్టారు. ఫారం చదివి కాదు, నా మొహం చూసి.

ఫిబ్రవరి 6

ఎలా బయటికి వెళ్లిందో తెలిసింది. పోయిన అక్టోబరులో మా పరిశోధన పెద్ద డాక్టర్ బోనియా, మా ఆసుపత్రికే వచ్చే నలభై మంది జన్యు స్కోర్లు, అంటే ఆ జబ్బు వచ్చే గుణం ఎంతుందో చెప్పే అంకెలు, ఆసుపత్రి రికార్డుల్లోకి ఎక్కించమన్నాడు. వెతుక్కోవడం సులువవుతుందట. ఫారంలో అలా లేదు కదా అని ఒకసారి అడిగాను. ఒక్కసారే. తర్వాత ఎక్కించాను. ఈ వేళ్లతోనే. దరఖాస్తు చూడ్డానికి పింఛను బోర్డు అతని ఆసుపత్రి రికార్డు తెప్పించుకుంది. అంతే.

ఫిబ్రవరి 7

పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. ఎవరి మీద ఎక్కువ కోపమో తేల్చుకోలేకపోతున్నాను.

ఫిబ్రవరి 11, సోమవారం

బోనియా గదికి వెళ్లాను. ఆయన రాసిన వ్యాసమే తీసుకెళ్లి చివరి పేజీ ఆయనకే చదివి వినిపించాను. ఈ స్కోరు ఎక్కువగా ఐరోపా సంతతి వాళ్ల లెక్కలతో తయారైంది, మన దీవి మనుషుల విషయంలో నమ్మలేం, ఫలానా మనిషికి జబ్బు ఎందుకొచ్చిందో దీన్నిబట్టి అసలు చెప్పలేం. అన్నీ ఆయన మాటలే!

"పింఛను బోర్డుకు ఈ ముక్క రాసివ్వండి డాక్టర్ గారూ" అన్నాను.

ఆయన లేచి తలుపు వేశాడు. "ఎక్కించింది నువ్వు మిగ్దాలియా. ఆ రికార్డుల్లో ఉన్నది నీ పేరు. బాగా ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను.

ఫిబ్రవరి 12

పరిశోధనల తప్పొప్పులు చూసే ఎథిక్స్ కమిటీకి ఫిర్యాదు పంపాను. తప్పు చేసినవాళ్లలో మొదటి పేరు నాదే రాశాను.

ఫిబ్రవరి 20

నలభై మందికీ నేనే ఫోన్ చేసి చెబుతున్నాను. ఇవాళ పదకొండు మందికి చెప్పాను. కొందరు తిట్టారు. వియత్నాంలో పోరాడిన పెద్దాయన డోన్ ఒబ్దూలియో, "మా ఆవిడ నీకు కడుపునిండా అన్నం పెట్టింది కదమ్మాయ్. ఇంక మా గడప తొక్కకు" అని పెట్టేశాడు. జాబితాలో ఆయన తర్వాతి పేరుకు ఫోన్ చేశాను.

మార్చి 14

కమిటీ తీర్పు వచ్చింది. స్కోర్లన్నీ రికార్డుల నుంచి తీసేయాలి. బోనియా పదవి నుంచి దిగాలి. నాకు ఏప్రిల్ నుంచి మూడు నెలల సస్పెన్షన్. న్యాయమే. విల్‌ఫ్రెడో దరఖాస్తును పింఛను బోర్డు ఆ తీర్పు చూసి మళ్లీ వింటుందట.

మే 28, మంగళవారం

పింఛను బోర్డు ముందు సాక్ష్యం చెప్పాను. బల్ల వెనక బోర్డు సభ్యులు ముగ్గురు. అదే లారీల వరుసలో ఉన్న మిగతావాళ్లు బాగానే ఉన్నారు కదా అని ఒకాయన అడిగాడు. విల్‌ఫ్రెడో తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఒకే బాంబుకు ఒకరి కాలు పోతుంది, ఇంకొకరికి గీత కూడా పడదు. కాలు పోయినవాణ్ణి పిలిచి, నీ ఎముకలే మెత్తనివి, ఇంటికి పో అంటారా?" అని అడిగాను.

అధ్యక్షురాలు కూర్చోమంది. కూర్చోలేదు. "సైన్యంలో చేర్చుకున్నప్పుడు ఇతని జన్యువులు మీకు అడ్డం రాలేదే!" అన్నాను. రెండోసారి కూర్చోమంది. అప్పుడు కూర్చున్నాను.

జూన్ 21

పింఛను మంజూరైంది. విల్‌ఫ్రెడో భార్య నెరెయిదా ఫోన్ చేసింది. ఆవిడ ఏడుపే తప్ప మాటలు సరిగా వినపడలేదు. ఆ ఉత్తర్వులో క్షమించమన్న మాట ఎక్కడా లేదు.

జూలై 9

మళ్లీ డ్యూటీలో చేరాను. మొదటి పని, రక్తం ఇచ్చిన ప్రతి ఒక్కరినీ అడగడం: ఉంచమంటారా, పారేయమంటారా? చాలామంది పారేయమన్నారు. విల్‌ఫ్రెడో కూడా అదే అంటాడనుకున్నాను.

ఉంచమన్నాడు. కూతురు యారెలిస్ వచ్చే నెల సైన్యంలో చేరుతోందట. ఎంత చెప్పినా వినలేదట.

"వెతకండి నర్సమ్మా. తొందరగా వెతకండి."