మనవడి కబురు ముందు విన్నవాడు

లుసాకా, 1992

చిట్టితల్లీ చిలుఫ్యా,

నాకు మనవడు పుట్టాడే! నిన్నటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. కానీ కడుపుమంట కూడా ఉందమ్మా. ఆ కబురు నాకు చెప్పిందెవరో తెలుసా? పక్కింటి లుబిందా! మీ ఊళ్ళో, మీ ఆసుపత్రిలో పనిచేసే వాళ్ళబ్బాయి రోజూ కంప్యూటర్లో చేంతాడంత ఉత్తరం పంపుతాడుగా, అందులో రాశాడట. "ఏం తాతా, నీ మనవడి సంగతులు కావాలా? నన్నడుగు!" అన్నాడు కంచె మీంచి. మనవడు వాడికే పుట్టినట్టు మొహంలో ఆ వెలుగేమిటి!

ఆ కంప్యూటరు ఉత్తరాలు ఇక్కడ దిగే యూనివర్సిటీకి పరుగెత్తాను. నీ రెండు వాక్యాలు ఆ చేంతాడు వెనకే వరసలో ఉండగా, ఉత్తరాలు మోసే ఫోను లైను తెగిందట.

"అన్ని ఊళ్ళ ఉత్తరాలకూ ఈ కంప్యూటరే గుమ్మం, పెద్దాయనా. లైను యూనివర్సిటీది, మనకు ఊరికే ఇచ్చారు. క్లుప్తంగా రాసుకోవాలి, వరస తప్పకూడదు" అంది ఆపరేటరు కపేంబ్వామ్మ.

మర్యాదగా క్లుప్తంగా రాసిన నువ్వు వెనకా, వాడు ముందూనా!

నేనైతే మర్యాద తప్పను. అందుకే ఈ సోదంతా కాగితం మీద రాసి బస్సులో పంపుతున్నాను. బిడ్డ పేరు నువ్వూ కంప్యూటర్లో పెట్టకు, ఆ అబ్బాయికి అసలే చెప్పకు. కాగితం మీద రాసి ఈ డ్రైవరు చేతికే ఇవ్వు. లుసాకాలో ఆ పేరు మొదట పలికేది నేనే కావాలి.

మురిసిపోతూ, కుళ్ళిపోతూ,
మీ నాన్న