చేతులు మాత్రమే తీశారు

నాయనా, నేను బాగున్నాను. ఫోన్ మాట్లాడితే హాస్టల్ వార్డెన్ వింటోందని అనుమానం, అందుకే ఈ కార్డు.

నిన్న మా బ్యాగుల ఫ్యాక్టరీకి వియత్నాం వాళ్లు వచ్చి, నేను బ్యాగు పిడి కుడుతుంటే వీడియో తీశారు. ముఖం వద్దట, చేతులే కావాలట. పక్క సీటు నల్లమాడ రామక్క, "చూసి నేర్చుకొని పనంతా ఆడికి ఎత్తుకపోతారు సారా. ఇటలీ నుంచి ఈడికి అట్లే వచ్చిండేది" అంది. దాంతో నువ్వు చెప్పులకు వేసే లోపలి ముడి వేయకుండా పైపైన కుట్టి చూపించాను. మేనేజరు దగ్గరే నిలబడి చూశాడు, ముడి లేదని తెలిసినా సరిచేయమనలేదు. ఇక్కడి పని ఏమైపోయినా ఆయనకు పట్టనట్టుంది, అదే నాకు నచ్చలేదు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? తోలు కుట్టే నీ ఆరెకు నూనె రాసి ఉంచు, పాత ఇనుము వాడికి వేయొద్దు. నేనొస్తే కుట్టడానికి ఇంకో ఆరె కూడా కొని పెట్టు.

అమ్మకు వందనాలు.
సారా