పాప బొంతలో సూది

10 జూలై, గురువారం. సాయంత్రం 7

బొంత అయిపోయింది! తొమ్మిది గురువారాలు పట్టింది. కమలమ్మాళ్ అక్క ఇంట్లో, మిద్దె మీద గదిలో, మూడింటి నుంచి మాటలు అయ్యేదాకా ముగ్గురం. అక్క, పక్కింటి కనగం, నేను. పాత చీరలే గుడ్డ. రూల్ ఒకటే, ఒక ముక్కకి ఒక ఊరు. ఏ ఊరు పోయినప్పుడు కొన్న చీరో ఆ ఊరి కథ చెప్పందే ముక్క కుట్టనివ్వం. కనగం తన మదురై కథ మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ వేరే కథే.

ఆఖరి ముక్క నాది. పసుపు చీర, యానాంలో కొన్నది. పెళ్ళైన రెండో ఏడు నేనూ పట్టాభీ బస్సులో పోయాం. దిగితే వీధి వీధంతా తెలుగే! ఇక్కడ తమిళం మధ్య మేం ఇంటి లోపల మాత్రమే మాట్లాడుకునే భాషలో అక్కడ చేపలమ్మే ఆమె అరిచి బేరం చేస్తోంది. పసుపు చీరలు యాడుండాయి అని అడిగితే షాపతను నవ్వి, ఏ దేశం తెలుగమ్మా ఇది అన్నాడు. పట్టాభికి కోపం వచ్చింది. నాకు నవ్వు ఆగలేదు. పాపం, షాపతను మా ఇద్దరికీ కాఫీ తెప్పించాడు. ఇప్పటికీ వారానికి ఒకసారైనా ఆ వీధి గుర్తుకొస్తుంది.

ఊళ్ళ పేర్లన్నీ ఈ డైరీలోనే రాసుకుంటున్నా. అందుకే గురువారాలు దీన్నీ సంచిలో వేసుకుపోతా. పట్టాభి షాపుకి ఏదో కంపెనీ వాళ్ళు ఇచ్చింది, లావు అట్ట, లోపల స్పాంజీ. ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలుగు చదవడం రాదు. గూడూరు నుంచి కోడలుగా వచ్చిన మా అమ్మ నాకు పలక మీద నేర్పింది. బీరువా తాళం కంటే ఇదే గట్టి.

బొంత మడిచి అక్క కోడలు విద్య చేతిలో పెట్టాం. పాప అభినయకి ఈరోజుకి ముప్పై ఏడు రోజులు. పెద్దవాళ్ళ చీరల మీద పడుకుంటే పెద్దవాళ్ళ ఆయుష్షు వస్తుందని అక్క నమ్మకం. ఒకసారి పాపకిచ్చిన గుడ్డ మళ్ళీ గడప దాటకూడదు అని కూడా అంది.

సూదుల డబ్బా నాది. ఏడు తీయాలి, ఏడు పెట్టాలి, పెట్టేటప్పుడు పైకి చెప్పాలి. ఈరోజు మాటల్లో సాయంత్రం ఆరైపోయింది. దీపం పెట్టే వేళ, మూత పెట్టు కోమలా అని అక్క ఒకటే తొందర. అక్కకి సూది పట్టింపులు ఇన్నీ అన్నీ కావు. దీపం పెట్టాక ముట్టకూడదు. శుక్రవారం, శనివారం చేతులు మారకూడదు. సరేనని మూత పెట్టి, ఏడు అన్నాను.

11 జూలై, శుక్రవారం. 9:40

ఆరు.

అదే రోజు. 11:15

పట్టాభి చొక్కా గుండీ ఊడితే డబ్బా తెరిచాను. ఆరు. కళ్ళజోడు తుడిచి చూశాను. ఆరు. చాప మీద ఒక్కొక్కటీ పరిచాను. ఆరే. లేనిది పొడుగు సూది, పసుపు దారం ఎక్కించి ఉన్నది. నిన్న ఆఖర్న దానితో కుట్టింది నేనే.

నిన్న నేను లెక్కపెట్టలేదు. పెట్టకుండానే ఏడు అన్నాను.

సంచి తిరగేసి దులిపాను. జాకెట్టు, చీర, చాప, మెట్లు. ఫ్రిజ్ మీద బొమ్మ పీకి దాని మాగ్నెట్‌తో నేలంతా రాశాను. రెండు పిన్నీసులు, ఒక మేకు. సూది లేదు. ఇంకెక్కడ ఉంటుంది? బొంతలోనే. ఐదు పొరల బొంత, దాని మీద నలభై రోజులు కూడా నిండని పిల్ల.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. పెట్టేశాను. మళ్ళీ తీసుకున్నాను.

12 జూలై, శనివారం

చేయలేదు.

13 జూలై, ఆదివారం

మురుకులు చేసి పట్టుకుపోయాను. ఊరికే ఎలా పోతాను?

పాప ఆ బొంత మీదే పడుకుని ఉంది. కాళ్ళు ఆడిస్తోంది. నా యానాం ముక్క సరిగ్గా దాని నడుము కింద. ముద్దు చేసినట్టు వంగి అరచేతిలో దాచిన మాగ్నెట్‌తో అంచంతా తడిమాను. ఏమీ తగల్లేదు. ఐదు పొరల కింద ఉంటే ఈ బొమ్మ మాగ్నెట్‌కి తెలుస్తుందా? ఇంకాస్త లోపలికి చెయ్యి పెట్టేసరికి అక్క చూసింది. ఏంది కోమలా, చపాతీ పిండి మాదిరి పిసుకుతా ఉండావు, పిల్ల లేస్తాది అని కసిరింది. నవ్వాను. మురుకులు బాగున్నాయంది. ఇంటికొచ్చి బాత్రూంలో కూర్చుని ఏడ్చాను.

15 జూలై, మంగళవారం. మధ్యాహ్నం 12

పొద్దున పదకొండింటికి అక్క ఫోన్. పాప తొమ్మిదింటి నుంచి గుక్క పట్టి ఏడుస్తోందట. కాలు ముట్టనివ్వడం లేదట. తొడ ఎర్రగా వాచిందట. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఇంతలో అక్కే అంది, నిన్న టీకా ఏసినారు గదా, అందుకే అంట, జ్వరం మందు ఇచ్చినాం అని.

అమ్మయ్య అన్నాను. అక్కడితో ఊరుకున్నాను.

ఎవరూ చదవలేరు కాబట్టి నిజం రాస్తా. పాపకి ఏమవుతుందోనని భయం. దానికంటే ఎక్కువ భయం గురువారాలు పోతాయని. కోమల చెయ్యి ఇక పనికిరాదు, చూపు పోయింది, నోట్లో అబద్ధం కూడా అని అక్క అంటే? కనగానికి తెలిస్తే మా ముత్తియాల్‌పేట అంతటికీ తెలిసినట్టే. అరవై ఏళ్ళ ఆడదాన్ని. వారానికి మూడు గంటల కోసం ఒక పసిగుడ్డుని సూదుల మీద పడుకోబెట్టాను. ఛీ.

16 జూలై, బుధవారం

ఆరు. ఆరు. ఆరు.

17 జూలై, గురువారం. సాయంత్రం 5

తలనొప్పి అని చెప్పి పోలేదు. మొదలుపెట్టిన దగ్గర్నుంచి నేను ఎగ్గొట్టిన మొదటి గురువారం ఇది. పట్టాభి షాపు నుంచి భోజనానికొచ్చి, ఏందే, వారం దినాలుగా దెయ్యం పట్టిన మాదిరి ఉండావు అన్నాడు. దెయ్యమే నయం. అది ఎక్కడుందో మంత్రగాడైనా చెప్తాడు.

నాలుగింటికి విద్యకి ఫోన్ చేశాను. అక్కా కనగం మిద్దె మీద ఉంటారు, ఆ పిల్ల కింద ఒంటరిగా ఉంటుంది. ఒక్క ఊపిరిలో అంతా చెప్పాను. లెక్కపెట్టకుండా ఏడు అన్నాననీ, వారం రోజులు నోరు మూసుకున్నాననీ. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

పాపని ఎత్తుకున్నా అత్తా, నువ్వు భయపడొద్దు, నేను చూస్తా అంది. పెట్టేసింది.

18 జూలై, శుక్రవారం. ఉదయం 8

దొరికిందట!!

విద్య ఇప్పుడే ఫోన్ చేసింది. అంచు దగ్గర మడతలో ఉందట. అత్తమ్మకి చెప్పలేదు, చెప్పను అంది. ఈరోజు శుక్రవారం, రేపు శనివారం, సూది చేతులు మారకూడదు గదా, ఆదివారం నేనే తెచ్చిస్తా అంది. ఆ పట్టింపు ఆ పిల్లకి గుర్తుంది చూడు. వారం తర్వాత అన్నం రుచి తెలిసింది.

20 జూలై, ఆదివారం

విద్య వచ్చింది. కాగితం మడతలో సూది. దారం లాగితే ఊడిపోయిందట. డబ్బాలో గుచ్చి లెక్కపెట్టాను. ఏడు. ఆ పిల్ల ముందే రెండుసార్లు లెక్కపెట్టాను.

నీకు దండం పెడతా తల్లీ అన్నాను. అయ్యో, ఏంది అత్తా ఇది అని నా చేతులు పట్టుకుంది. రెండు వేళ్ళకి ప్లాస్టర్లు. ఏమైందంటే, మునక్కాయలు తరుగుతుంటే తెగింది అంది. కళ్ళు వాచి ఉన్నాయి. పసిపిల్ల తల్లికి నిద్ర ఎక్కడుంటుంది? బలవంతంగా రెండు దోసెలు తినిపించి పంపాను.

24 జూలై, గురువారం. సాయంత్రం 7

వెళ్ళాను. కనగం కొత్త బొంతకి నీలం చీర తెచ్చింది, రామేశ్వరంలో కొన్నదట. పడవ కథ చెప్పి పడీ పడీ నవ్వించింది. ఏడు తీశాను, ఏడు పెట్టాను, లెక్కపెట్టి పైకి చెప్పాను. హాయిగా ఉండాల్సింది.

కిందికి దిగేటప్పుడు పాపని చూశాను. అదే బొంత. కానీ కుట్టు మాది కాదు. మేం పసుపు దారంతో బియ్యపు గింజంత కుట్టు వేశాం. ఇప్పుడున్నది తెల్ల దారం, వేలెడేసి కుట్లు, వంకర టింకర. అంచు ఒక్కటే కాదు, బొంత మొత్తం. కళ్ళజోడు లేకుండా అక్కకి చూపు ఆనదు, పట్టుకోలేదు. సూది అంచు మడతలో దొరికితే బొంతంతా ఎందుకు విప్పింది? విద్య వైపు చూశాను. పాలు పొంగుతున్నాయని లోపలికి పోయింది.

ఇంకోటి ఏమైనా ఉందేమోనని చూసుంటుంది. తల్లి కదా. అంతే అయుంటుంది.

26 జూలై, శనివారం. ఉదయం 6:10

డైరీ తీస్తుంటే వెనక అట్టలోంచి వేలికి గుచ్చుకుంది. పొడుగు సూది. స్పాంజీలో నిండా దిగి ఉంది. పసుపు దారం దానికే చుట్టుకుని లోపలే ఉంది. ఆ రోజు యానాం అని రాసుకోవడానికి నేనే గుచ్చి ఉంటాను.

విద్యకి ఏ సూదీ దొరకలేదు. బొంత పోగు పోగూ విప్పింది, మళ్ళీ కుట్టింది, నా కోసం ఒకటి కొనుక్కొచ్చింది. అంటే పోయిన సూది ఇంట్లో ఎక్కడుందోనని తొమ్మిది రోజులుగా ఆ పిల్ల నేల తడుముతూ ఉంటుంది. నా భయం తను తీసుకుంది.

దీంతో ఎనిమిది. శనివారమే. అయినా విద్య దగ్గరికి పట్టుకుపోతున్నా.