ఊడదీసిన వైరు

కార్తీక సోమవారం, రాత్రి

ఈ సంగతి పైకి చెప్పకూడదు, మనసులో దాచుకుంటే నిద్ర పట్టేలా లేదు. అందుకే ఇన్నాళ్లకు పెన్ను పట్టాను.

పక్షవాతం వచ్చాక మా ఆయన తన కుడిచేతిని పరాయి వస్తువులా చూస్తున్నారు. డాక్టరుగారు చెప్పినట్టు వేళ్లు ఆడించమంటే విసుక్కుంటారు. అందుకని కోడలు లావణ్య ఇంట్లోనే వీడియో గేమ్ పెట్టె కట్టింది. చెక్క తనే కోసింది. ఎడమచేత్తో తిప్పే జాయ్‌స్టిక్ కర్రకి ఏటికొప్పాక లక్క పిడి పెట్టింది. విమానాల్ని పేల్చే బటన్ కుడివైపు ఒకటి, ఆయన పట్టుబట్టారని కర్ర పక్కన ఇంకొకటి. రంగురంగుల వైర్ల చివర చిన్న క్లిప్పుల్ని బటన్లకి, నేను పూలమాల కట్టినంత సుళువుగా తొడిగేసింది.

ఆయన మాత్రం కర్ర వదిలేసి మరీ ఎడమచేత్తోనే నొక్కేవారు. ఈ సాయంత్రం ఆయన కాఫీకి లేచినప్పుడు లావణ్య పెట్టె వెనక చెయ్యి పెట్టి, ఆ ఎడమ బటన్ క్లిప్పు లాగేసింది. నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ఏటి ఇంజనీరమ్మా, నీ డబ్బా అప్పుడే పాడైపోనాదా?" అన్నారు ఆయన వచ్చి, ఎడమ బటన్ నొక్కి చూసి.

"వైరు లూజైనట్టుంది మావయ్యా, తరవాత సూత్తాను. ఈలోగా కుడిదాన్ని నొక్కండి."

గొణుక్కున్నారు. ఆటలో పడి ఆ గొణుగుడూ మరిచిపోయారు. చూపుడువేలు వణుకుతూ బటన్ మీద పడింది. మళ్లీ పడింది. విమానం పేలగానే పెద్దగా నవ్వారు.

ఉపవాసం రోజున అబద్ధానికి తోడున్నాను, శివయ్య ఏమనుకుంటాడో... క్షమించమని అడుగుదామని దీపం దగ్గరికి వెళ్లి, ఆ పిల్ల చేతులు చల్లగా ఉండాలని అడిగి వచ్చేశాను.

ఈ పేజీ పదిలంగా ఉండాలి. ఆయన కంట మాత్రం పడకూడదు. తెలిస్తే ఆ వేలు మళ్లీ ముడుచుకుపోతుంది.