శుక్రవారం కారే కుళాయి

మారెన్ తల్లీ,

ఫిబ్రవరి తొమ్మిదిన బఠాణీ సూప్ తాగుతూ అడిగావు: "నాన్నా, క్లోకే ఊళ్ళో అద్దెకిచ్చిన మన ఇంటికి నువ్వు కారులో తిరిగిన మైళ్ళన్నీ పన్ను కాగితాల్లో ఖర్చు కింద రాసేయనా?" నోట్లో రొట్టె పెట్టుకుని సరేనని తలూపాను. కానీ అన్నీ రాయకు. ఇల్లు వెచ్చబరిచే ఫర్నేసు బాగుచేయించిన రోజులు, వాకిట్లో మంచు తీసిన రోజులు రాయి. శుక్రవారాలు మాత్రం తీసెయ్యి.

"ఆ ఇంట్లో ఎన్ని కుళాయిలున్నాయి నాన్నా, వారం వారం ఒకటి కారుతోంది?" అని ఎగతాళి చేశావు కదా. ఉన్నవి మూడే. అమ్మ పోయినప్పటి నుంచి, అక్కడ అద్దెకుంటున్న విల్మా గారు శుక్రవారం రాగానే ఫోన్ చేస్తారు. "ఆర్విడ్ గారూ, కుళాయి మళ్ళీ కారుతోందండీ!" నేను రెంచి పట్టుకుని వెళ్తాను. చుక్క కూడా కారదు. బల్ల మీద రెండు కప్పుల కాఫీ ఉంటుంది. "ఇప్పుడే ఆగిపోయిందండీ. ఎలాగూ వచ్చారు, కూర్చోండి," అంటారు.

ఇంట్లో ముడుచుకు కూర్చున్న నన్ను బయటికి రప్పించడానికి ఆవిడ చెప్పే అబద్ధం అది. దాన్ని మరమ్మతు అని ప్రభుత్వానికి రాసిస్తే నా అబద్ధమైపోతుంది. ఆ తర్వాత ఆ బల్ల దగ్గర కూర్చోలేను. పన్ను కాస్త ఎక్కువ పడితే పడనీ.

సూప్ పొయ్యి మీదుంది, వేడిచేసుకో. ఇవాళ కూడా ఫోన్ వచ్చింది. రెంచి ఇంట్లోనే వదిలి వెళ్తున్నాను.

నాన్న

ఇంకో మాట. నిన్న రాత్రి నేను నిద్రపోయాననుకుని, దుప్పటి సరిచేసి, నా గది తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్ళావు. నేను మెలకువగానే ఉన్నాను తల్లీ.