అమ్మ పేరు పక్కన

నరసరావుపేట,
ఆదివారం, సాయంత్రం.

చిరంజీవి ప్రశాంతిని నాన్న దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ తాతయ్యా బాగానే ఉన్నాం. బాగానే అంటే, వేళకు లేస్తున్నాం, వేళకింత తింటున్నాం. అంతకు మించి అడగొద్దు. నువ్వక్కడ రూర్కెలాలో ఆరోగ్యంగా ఉన్నావనీ, ఆ చలికి స్వెట్టరు పెట్టెలో దాచకుండా వేసుకుంటున్నావనీ నమ్ముతున్నాను.

నీ ఉత్తరం అందింది. ఈ రోజుల్లో కూడా ఉత్తరాలేంది సార్ అని పోస్ట్‌మాన్ నవ్వాడు. ఫోనెత్తితే మనిద్దరం ‘తిన్నావా’, ‘తిన్నాను’ దగ్గరే ఆగిపోతామనీ, ఆ తర్వాత ఇటు నేనూ అటు నువ్వూ ముక్కులు ఎగబీల్చడమేననీ అతనికేం తెలుసు? కాగితం మీద రాసుకుందామన్న ఆలోచన నీదే. మంచి పని చేశావు. రాస్తూ నేను ఏడ్చినా నీకు వినపడదు.

తాతయ్య దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు. మాచర్ల నాపరాళ్ళ క్వారీలో జీవితమంతా మింగిన దుమ్ము రెండు సీసాల మందుకు పోతుందా? ఆ మందు కూడా సరిగ్గా తాగడు, మిరియాల కషాయం కావాలంటాడు. మొన్న కోపం వచ్చి నాలుగు కేకలేశాను. “ఒరేయ్ నాగులూ, కోడలున్నప్పుడు నా మీద ఒక్క మాటన్నా పడనిచ్చిందంట్రా?” అన్నాడు. లేచి కషాయం కాచి ఇచ్చాను.

గోంగూర పచ్చడి పంపమన్నావు. మన ఇంట్లో ఏడాది వెళ్ళేదాకా పచ్చళ్ళు పెట్టకూడదని మీ మేనత్త హనుమాయమ్మ గట్టిగా చెప్పింది. తనే వినుకొండలో పెట్టి నీకు పార్సిల్ చేస్తానంది. కారం మాత్రం తగ్గించమని చెప్పాను. అక్కడి హాస్టల్ అన్నం తిని తిని నీ నాలుక పలనాడును మరిచిపోయి ఉంటుంది.

నీ ఉత్తరం చివర అడిగిన మాటకు జవాబివ్వకుండా దగ్గులూ పచ్చళ్ళూ రాస్తున్నానని నీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. “నాన్నా, నువ్వు పంపిన కొత్త స్క్రీన్ ఫొటోలో అమ్మ పేరు పక్కన పని మొదలైన తేదీ దసరా తర్వాతది ఉంది. అమ్మ మొదలుపెట్టింది మాఘమాసంలో కదా, ఏంది ఇది?” అన్నావు. చెప్తాను. కానీ మొదట్నుంచీ చెప్పనివ్వు. నీకు తెలిసిన సంగతులే. అయినా వరసగా రాసుకుంటూ వస్తే తప్ప ఆ మాట దగ్గరికి వచ్చే ధైర్యం నాకు లేదు.

కాలేజీకి కొత్త కంప్యూటర్లు వచ్చిన ఏడు, పాతవన్నీ పాత ఇనుము వాళ్ళకు వేసేయబోతుంటే మీ అమ్మ అడ్డం పడింది గుర్తుందా? రెండో లాబ్ వెనక గదిలో వాటిని పేర్పించి, కేబుళ్ళతో కలిపింది. ఆపరేటింగ్ సిస్టమ్‌ను లోపలినుంచి మార్చి రాయడానికి ఆమెకు ఏళ్ళు పట్టింది. ఒక్కొక్కటీ ముసలి డబ్బానే. కానీ అన్నీ కలిసి ఒకే కంప్యూటరులా నడవాలి, ఏ పని ఏ డబ్బాలో జరుగుతోందో మనిషి పట్టించుకునే అవసరం ఉండకూడదు. ఒక డబ్బా వేడెక్కినా, దాన్ని ఆపాల్సి వచ్చినా, అందులోని పని సగంలో ఉన్నదున్నట్టుగా లేచి పక్కదాంట్లోకి పోయి అక్కడినుంచే సాగాలి. అదీ ఆమె పిహెచ్‌డి.

ఒకసారి తాతయ్య కాలేజీకి వచ్చి చూసి, “ఏందమ్మా ఇదంతా?” అని అడిగాడు. “ఏం లేదు మామయ్యా. క్వారీలో రాయి మోసేటప్పుడు ఒకరికి భుజం నొప్పెడితే, రాయి కింద పెట్టకుండానే ఇంకొకరు భుజం పెడతారే, అదే” అంది. “ఓస్, దీనికింత చదువెందుకూ?” అన్నాడు మీ తాత. ఆ మాట చెప్పుకుని ఆమె చాలా రోజులు నవ్వింది.

ఆమె పాఠాలు చెప్పే కాలేజీలోనే నేను లాబ్ టెక్నీషియన్ని. పొద్దంతా ఆమెను ‘మేడం’ అనేవాణ్ణి, ఇంటికొచ్చాక ‘ఏమే’ అనేవాణ్ణి. ఓసారి ప్రిన్సిపాల్ గారి ముందే నోరు జారి, “ఏమే, ఆ స్క్రూడ్రైవరిటియ్యి” అన్నాను. ఆ తర్వాత పిల్లలు నన్ను చూసినప్పుడల్లా గొంతులు సవరించుకునేవాళ్ళు. మీ అమ్మ మాత్రం ముఖం చిట్లించకుండా స్క్రూడ్రైవర్ తెచ్చి చేతికిచ్చింది.

వినుకొండ వైపు మెట్ట పొలాల కింద రాతి పొరల్లో నీళ్ళు ఎటునుంచి ఎటు పోతాయో లెక్కగట్టే పనిని ఆ డబ్బాలకు అప్పజెప్పింది. వాటి శక్తికి అది నెలల తరబడి సాగే పని. ఆసుపత్రికి పోయే రోజు పొద్దున బస్సుకు టైమవుతోందని నేను గోల పెడుతున్నా వినకుండా లాబ్‌కు వచ్చి, కూర్చుని, తన పేరుతో ఆ పని మొదలుపెట్టింది. “మిషన్లు పోతే పోనీ, పని ఆగగూడదు. నేనొచ్చిందాకా చూస్తా ఉండు” అంది. చిన్న ఆపరేషనే కదా, నాలుగు రోజుల్లో ఇంటికొస్తుందనుకున్నాం. తర్వాతి సంగతి నీకు తెలుసు. నేను రాయలేను.

పెద్దకర్మ అయ్యాక డ్యూటీకి వెళ్ళి ఆ గది తలుపు తీశాను. ఫ్యాన్ల హోరు అలాగే ఉంది. స్క్రీన్ వెలిగించి, ఏ పనులు నడుస్తున్నాయో చూపించమని కొట్టాను. తిరుపతమ్మ అని మీ అమ్మ పేరు వచ్చింది, పక్కన ‘రన్నింగ్’ అని వచ్చింది. అప్పటికే ఇంట్లో ఆమె ఫొటోకు దండ వేశాం. రేషన్ కార్డులోంచి పేరు తీసేశారు. కాలేజీలో గది తలుపు మీది బోర్డు మార్చేశారు. ప్రపంచంలో ఆ ఒక్కచోటే మీ అమ్మ ఇంకా పని చేస్తోందని రాసి ఉంది. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ ఒక్క వరస చూసుకుని, తర్వాత నా పని మొదలుపెట్టేవాణ్ణి. నీకూ చూడాలనిపిస్తోందంటే ఫొటోలు తీసి పంపడం మొదలుపెట్టాను. ఎండాకాలంలో కొన్ని డబ్బాలు చచ్చిపోయాయి. చచ్చినప్పుడల్లా పని పక్కదాంట్లోకి మారింది, ఆమె చెప్పినట్టే.

“మా కాలేజీలో పెద్ద కంప్యూటర్ల క్లస్టర్ ఉంది నాన్నా, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, పంపించు” అని నువ్వన్నప్పుడు నిన్ను ఫోన్లో కసిరాను. ఎందుకు కసిరానో నీకప్పుడు అర్థం కాలేదు. అది అయిపోతే నేను పొద్దున్నే వెళ్ళి ఏం చూసుకోవాలి తల్లీ?

ఇక దసరా సంగతి. ఆయుధపూజ నాడు మీ అమ్మ ఏం చేసేదో నీకు తెలుసు. ఒక డబ్బా బటన్ నొక్కేది. అందులోని పని పక్కదాంట్లోకి పోయి అది ఆరిపోయాక, తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపువ్వు పెట్టి, మళ్ళీ ఆన్ చేసేది. అది లేచి నిలబడ్డాకే తర్వాతి దాని దగ్గరికి పోయేది. అన్నిటికీ పూజ జరిగేది, పని మాత్రం ఎక్కడా ఆగేది కాదు. ఈ ఏడు నాకు మైల. పూజ వస్తువులు ముట్టుకోకూడదు. వదిలేద్దామనే అనుకున్నాను. కానీ లాబ్ ఊడ్చే సుబ్బరత్నం ఒప్పుకోలేదు. “మేడం ఏటా పెట్టే బొట్టు ఈ ఏడు మానేస్తే ఎట్టా సారూ? నేను పెడతా. మీరు గడపవతల నిలబడి చెప్పండి” అంది. ఆమె ఏటా మీ అమ్మ పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడ్డ మనిషే కదా.

గడప అవతల నిలబడ్డాను. మొదటి డబ్బా ఆపి, కొంగుతో తుడిచి, బొట్టు పెట్టి, నా వైపు తిరిగి, “చూడండి సారూ, మేడం పెట్టినట్టే ఉందా?” అంది. ఉంది. అచ్చం అలాగే ఉంది. నేను కుళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను. మిగతాది ఆమెకు తెలుసుగా అనుకున్నాను.

తిరిగొచ్చేసరికి గదిలో చప్పుడు లేదు. అన్ని డబ్బాలకూ బొట్లు, అన్నిటి మీదా బంతిపూలు. సుబ్బరత్నం చేతులు జోడించి నిలబడి ఉంది.

“మళ్ళీ ఆన్ చెయ్యలేదేందమ్మా?” అన్నాను.

“బొట్టు పెట్టిన పనిముట్టును రేపటిదాకా ముట్టుకుంటారా సారూ? మా ఇంట్లో పారకీ గడ్డపారకీ గూడా ఈ రోజు సెలవే. మేడం అంటే చదువుకున్నది, ఏం చేసినా ఆమెకు చెల్లింది. నాకు భయం కాదా?” అంది. మళ్ళీ తనే, “చానా బాగా కుదిరింది సారూ. మేడం చూస్తే ఎంత సంతోషపడేదో!” అంది.

ఆమె ముఖం వెలిగిపోతోంది. బాగుందమ్మా అన్నాను.

మీ అమ్మ రాసిన సిస్టమ్ తప్పేమీ చెయ్యలేదు. ఒక్కొక్కటే ఆరిపోతూ, తన దగ్గరున్న పనిని పక్కదానికి అప్పజెప్పింది. ఆఖరి డబ్బాకు మాత్రం అప్పజెప్పడానికి ఎవరూ మిగల్లేదు. ఉన్నదంతా డిస్కు మీద రాసుకుని ఆగిపోయింది. లెక్క పోలేదు. మర్నాడు నేను వెళ్ళి ఆగినచోటి నుంచే మళ్ళీ మొదలుపెట్టాను. కానీ ఎవరు మొదలుపెడితే వాళ్ళ పేరే పడుతుంది కదమ్మా. నా పేరు పడింది. ఆమె పేరుండాల్సిన వరసలో నా పేరు. దాన్ని ఆపేసి, అడ్మిన్‌కు ఉండే అధికారంతో మీ అమ్మ పేరు పెట్టి మళ్ళీ మొదలుపెట్టాను. ‘రన్నింగ్’ అని వచ్చింది. అదే ఫొటో తీసి నీకు పంపాను. మళ్ళీ మొదలైన రోజే తేదీగా పడుతుందని నా బుర్రకు తట్టలేదు. నీ కంట పడకుండా పోతుందా?

అదీ సంగతి. దసరా నుంచి నీకు పంపిన ఫొటోల్లో ఉన్న పేరు అమ్మ పెట్టింది కాదు, నేను పెట్టింది.

అందరూ మోసం అనుకున్నా నువ్వు అనుకోవని తెలుసు. కానీ నాకే అది పడటం లేదు. ఆ రోజు దింపుడుకళ్ళం దగ్గర పాడె దించి, చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలవమన్నారు. పిలిచాను. పలకదని అందరికీ తెలుసు. అయినా ఎక్కడో ఒక ఆశ. పలకలేదు, మళ్ళీ పాడె ఎత్తారు. ఇక్కడేమో నేను రోజూ పిలుస్తున్నాను, పిలిచిన ప్రతిసారీ ఆ పేరు పలుకుతోంది. మొదట్లో చూస్తే ప్రాణం కుదుటపడేది. ఇప్పుడు ఆ వరస చూస్తే, నా గొంతు నాకే తిరిగి వినిపిస్తున్నట్టుంది. అన్నం సయించడం లేదు. ఈ గదిని వచ్చే నెల ఖాళీ చెయ్యమని కూడా చెప్పారు. ఎవరో వచ్చి వైర్లు పీకేస్తుంటే నేను చూస్తూ నిలబడలేను.

అందుకే ఇవాళ సెలవైనా తాళం తీసుకుని వెళ్ళాను. నా చేత్తోనే ఆపేశాను. సంవత్సరీకానికి వచ్చేదాకా ఉంచు నాన్నా, ఒకసారి కళ్ళారా చూస్తానని నువ్వు రాశావు. నిన్ను అడగకుండానే చేశాను. అడిగితే వద్దంటావు, నేను ఆగిపోతాను. నన్ను క్షమించు తల్లీ. ఆపేశాక మళ్ళీ అడిగి చూశాను. ఆ వరస లేదు. ఖాళీ స్క్రీన్ మీద గీత ఒకటి మిణుకుమంటోంది. ఆమె పోయినప్పుడు పదిమంది చూస్తున్నారని ఏడవలేకపోయాను. ఇవాళ ఆ గదిలో నేల మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను.

ఆగినచోటు దాకా ఉన్నదంతా పెన్‌డ్రైవ్‌లో వేసి ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. నడిపిస్తావో, నడిపించవో నీ ఇష్టం. నడిపిస్తే నీ పేరుతో నడుపు. ఆమె పేరు పెట్టొద్దు.

ఇంకొక్క మాట. సుబ్బరత్నానికి తాను ఏం చేసిందో తెలియదు. తెలిస్తే ఆ మనిషి బతికినంత కాలం కుమిలిపోతుంది. రోజూ పొద్దున ఊడుస్తూ, “మేడం పని నడస్తా ఉందా సారూ?” అని అడుగుతుంది. నడుస్తోందమ్మా అంటాను. రేపు సోమవారం, మళ్ళీ అడుగుతుంది. నువ్వొచ్చినప్పుడు నీ నోటితో చెప్పు, అమ్మ పని అయిపోయింది పిన్నీ, అంతా ముగించుకునే వెళ్ళింది అని. నువ్వు చెబితే నమ్ముతుంది. అప్పటిదాకా ఆమెకు నేను నడుస్తోందనే చెబుతాను. అయిపోయింది అనే మాట నీకు రాయగలిగాను గానీ, పైకి అనడానికి నాకింకా నోరు రావడం లేదు.

ఇట్లు,
నిన్ను తలుచుకుంటూ,
మీ నాన్న
నాగులు