సత్యం పట్టిన మొదటి రోజు

మంగళవారం

పొద్దున యోగా సారుకు మాట ఇచ్చాను. "ఆసనాలు తర్వాత, తాతా. రోజూ అబద్ధం లేకుండ గడుపు, అదే మొదటి సాధన" అన్నాడు. నవ్వొచ్చింది. ఉన్నమాట ముఖం మీదే అనేసి చుట్టాలందరినీ పోగొట్టుకున్నవాణ్ణి, నాకు ఇదొక సాధనా అనుకున్నాను.

మధ్యాహ్నం భద్రాచలం దవాఖానాలో డాక్టరు నన్నొక్కణ్ణే పక్కకు పిలిచాడు. మా ముసలిదానికి ఇక మందు లేదట, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు.

ఆటో గోదావరి బ్రిడ్జి ఎక్కాక అడిగింది.

"ఏమన్నడు? తగ్గుతదంటనా?"

"తగ్గుతది. ఎండకాలానికి తునికాకు తెంప పోతవు."

నా ముఖం చూసింది. "అబద్ధమాడుడు గూడ రాదు నీకు, ముసలోడా" అని భుజం మీద తల ఆనించింది.

రేపు సారు అడిగితే మాట తప్పానని చెప్తాను. ముసలిది మళ్లీ అడిగితే మళ్లీ తప్పుతాను.